పులిని చూడకుండా పులిని లెక్కపెట్టే ఉద్యోగం

పొద్దు వాలే వేళ పొదల మధ్య సన్నటి మట్టిని జల్లించి, పట్టీలా పరుస్తారు. కొన్ని మీటర్ల పొడవు, మూరెడుకు మించని వెడల్పు. దాన్ని చదును చేసి వెళ్లిపోతారు. తెల్లారి ఎండ ఏటవాలుగా పడేటప్పుడు తిరిగొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ఆ మట్టిని చదువుతారు. ఇక్కడ కుందేలు గెంతింది. ఇక్కడ మేక తొక్కింది. ఇది తీతువు నడక. ఎప్పుడో ఒక ఉదయం, మూడు వేళ్ల చిన్న గుర్తు ఒకటి కనబడుతుంది. స్కేలు పెట్టి వేళ్లు కొలుస్తారు, రాసుకుంటారు. ఏమీ లేని పట్టీని కూడా వదలరు. దానికి ఎదురుగా సున్నా వేస్తారు.

2000 తర్వాతి తొలి ఏళ్లలో కడప జిల్లా లంకమల చిట్టడవుల్లో కలివికోడి అనే అరుదైన పిట్ట కోసం జరిగిన పని ఇది. వన్యప్రాణి పరిశోధన అనగానే మనకు జీపు, దూరదర్శిని, ఎదురుగా పులి గుర్తొస్తాయి. అసలు పనిలో ఎక్కువ భాగం ఆ మట్టి పట్టీ లాంటిది. జంతువు ఉండదు, దాని జాడ ఉంటుంది. చాలాసార్లు జాడ కూడా ఉండదు, సున్నా ఉంటుంది. ఆ సున్నాకు అర్థం చెప్పడమే ఈ వృత్తిలో కష్టమైన భాగం.

"మా అబ్బాయి అడవి జంతువుల మీద చదువుతానంటున్నాడండీ, ఏం ఉద్యోగం వస్తుంది?" అని అడిగే తల్లిదండ్రులు ఈ మధ్య బాగా కనబడుతున్నారు. జూలోనా, అటవీశాఖలోనా, టీవీలోనా అని వాళ్ల సందేహం. అటవీశాఖ అధికారి ఉద్యోగం వేరు. దానికి పోటీ పరీక్షలున్నాయి, యూనిఫాం ఉంది, చట్టం ఇచ్చిన అధికారం ఉంది. నేను చెప్పబోయేది పరిశోధకుల సంగతి. వాళ్ల చేతిలో ఏ అధికారమూ ఉండదు. ఉండేదల్లా కొన్ని అంకెలు, వాటిని నలుగురికీ నమ్మకంగా చెప్పగలిగే నోరు.

ఎనభై ఆరేళ్లు కంటపడని పిట్ట

కలివికోడిని శాస్త్రలోకానికి 1848లో పరిచయం చేసినవాడు జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు. ఆయన పేరు మీదే ఇంగ్లీషులో దాన్ని జెర్డన్స్ కోర్సర్ అంటారు. 1900లో అనంతపురం దగ్గర ఒకరు చూసినట్టు నమోదైంది. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. వెతికినవాళ్లున్నారు, దొరకలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు.

1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో దాన్ని తిరిగి కనుగొన్నారు. ఎలా? అడవిలో పిట్టల్ని పట్టే స్థానికుల్ని అడిగి, వాళ్ల సాయంతో. పట్టుకున్నది కూడా రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో, స్థానికుడొకరు. ఇందులో ఒక చిక్కుముడి విడిపోతుంది. అది చీకట్లో తిరిగే పిట్ట. పగలు వెతికితే కనబడేది ఎలా? రాత్రిళ్లు లైటు పట్టుకుని అడవిలో తిరిగేవాళ్లకు తెలిసిన పిట్టే. వాళ్ల నోట్లో దానికో పేరు కూడా ఉంది. కలివి పొదల్లో తిరిగే కోడి. వాక్కాయల్ని కొన్ని ఊళ్లలో కలివికాయలంటారు కదా, ఆ కలివి. పాత పక్షుల గ్రంథాల్లో ఇంగ్లీషు దొరలు దీని తెలుగు పేరు "అడవి ఉత్తితి" అన్నట్టుగా రాసుకున్నారు కూడా. పేరు పుస్తకంలో ఉంది, ఆ పేరు పెట్టినవాళ్ల మనవలు ఊళ్లో ఉన్నారు. వాళ్లను సరిగ్గా అడగడానికి ఎనభై ఆరేళ్లు పట్టింది.

ఉండటం వేరు, కంటపడటం వేరు. తెలుగులో ఈ తేడా మనకు మాటల్లోనే ఉంది. వన్యప్రాణి శాస్త్రం దాన్ని లెక్కల్లోకి తెచ్చుకోవడానికి చాలా కాలం తీసుకుంది.

ఎలాగో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పొదల మడిలో పిట్ట నిజంగానే ఉంది. ఏ ఒక్క రాత్రయినా అది మీ మట్టి పట్టీ మీద అడుగేసే అవకాశం ఐదింట ఒకటి అనుకోండి. మొదటి రాత్రి గుర్తు పడకపోయే అవకాశం 80 శాతం. రెండు రాత్రులూ పడకపోవడానికి 64 శాతం. ఇలా గుణించుకుంటూ పోతే పది రాత్రులు వరసగా సున్నా రావడానికి ఇంకా దాదాపు 11 శాతం అవకాశం మిగిలే ఉంటుంది. అంటే పిట్ట ఉన్న ఇలాంటి తొమ్మిది చోట్ల పది రాత్రులు చొప్పున చూస్తే, ఒకచోట "ఇక్కడ లేదు" అని తప్పు రాసుకుని వస్తారు. పద్నాలుగు రాత్రులు ఓపిక పడితే ఆ తప్పు 5 శాతం లోపుకు దిగుతుంది. ఎన్ని రాత్రులు ఉండాలి, ఎన్ని పట్టీలు పరవాలి అన్నది ఉత్సాహాన్ని బట్టి కాదు, ఈ గుణకారాన్ని బట్టి తేలుతుంది.

లంకమలలో ఆ పట్టీలు పరిచిన బృందంలో ముఖ్యుడు పి. జగనాథన్. ఆయన, సహ పరిశోధకులు కలిసి తేల్చిన విషయం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. కలివికోడికి దట్టమైన అడవి అక్కర్లేదు. బోడి నేలా పనికిరాదు. రెండు మీటర్లకు పైబడిన పొదలు హెక్టారుకు సుమారు 300 నుంచి 700 మధ్య ఉన్నచోట అది తిరిగే అవకాశం ఎక్కువ. అంతకంటే చిక్కబడితే నడవలేదు, పలచబడితే దాక్కోలేదు. ఇప్పుడు ఆలోచించండి. ఆ పొదలు అలా మధ్యస్థంగా ఉండటానికి కారణం ఎవరు? ఊళ్లవాళ్లు కొట్టుకుపోయే కట్టెలు, మేకలు మేసే ఆకు కూడా కొంత కారణమే. మేపు శ్రుతి మించితే పిట్ట పోతుంది. "మేకల్ని పూర్తిగా ఆపేయండి, అడవి బాగుపడుతుంది" అంటే పొదలు కమ్ముకుని కూడా పిట్ట పోవచ్చు. అడవిని కాపాడటమంటే కంచె వేసి జనాన్ని వెళ్లగొట్టడమే అనుకునేవాళ్లకు ఈ పిట్ట కొరుకుడు పడదు.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పిట్ట తిరిగే చోటికి వచ్చింది. కరువు సీమకు నీళ్లొద్దని ఎవరంటారు? అడగాల్సిన ప్రశ్న అది కాదు కూడా. కాలువ ఏ గీత వెంట పోవాలన్నదే ప్రశ్న. మట్టి పట్టీల మీద కొలిచిన వేళ్ల గుర్తులు అప్పుడు పనికొచ్చాయి. ఏ పొదల్లో పిట్ట తిరుగుతోందో చూపించే ఆధారం చేతిలో ఉంది కాబట్టి, వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా వెళ్లినప్పుడు కాలువ దారి మార్చాలన్న వాదన నిలబడింది. దారి మారింది. పిట్ట మీద ప్రేమతో రాసిన వినతిపత్రం ఆ పని చేయగలిగేది కాదు.

ఈ పిట్ట గురించి ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2013లో స్కాట్లండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు బయటపడింది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన పశువైద్యుడొకరు సేకరించినది. డీఎన్ఏ పరీక్ష చేస్తే కలివికోడి గుడ్డేనని తేలింది. అప్పటికి ఆ జాతికి సంబంధించి ప్రపంచంలో తెలిసిన గుడ్డు అదొక్కటే. శతాబ్దం పాటు ఎవరూ చూడని గుడ్డు అరలోనే ఉంది. కంటపడకపోవడం అడవిలోనే జరగాలని లేదు.

బైపీసీ పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి

పదో తరగతి అవగానే మన దగ్గర పిల్లలకు రెండు దార్లు చూపిస్తాం. లెక్కలొస్తే ఎంపీసీ, రాకపోతే, లేదా డాక్టర్ కావాలంటే బైపీసీ. జంతువులంటే ప్రాణం పెట్టే పిల్ల బైపీసీలో చేరి, హమ్మయ్య, లెక్కల పీడ వదిలింది అనుకుంటుంది. తర్వాత జువాలజీలో డిగ్రీ. ఎమ్మెస్సీలోనో, పరిశోధన మొదలుపెట్టాకో, ఎదురుగా గణాంకశాస్త్రం వచ్చి కూర్చుంటుంది. 'ఆర్' అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాయమంటారు. ఈ రంగంలోకి వచ్చి మధ్యలో వదిలేసినవాళ్లలో అడవికి, జలగలకు భయపడినవాళ్ల కంటే దీనికి భయపడినవాళ్లే ఎక్కువని నా అనుమానం.

లెక్కలెందుకో పులుల కథ చూస్తే తెలుస్తుంది.

మన దేశంలో చాలాకాలం పులుల్ని పాదముద్రలతో లెక్కపెట్టారు. 1966లో ఒడిశాకు చెందిన ఎస్.ఆర్. చౌదరి తెచ్చిన పద్ధతి అది. గార్డు అడుగుజాడ మీద గాజు పలక పెట్టి దాని ఆకారం గీసేవాడు. దానికి ప్లాస్టర్‌తో అచ్చు తీసేవాడు. ప్రతి పులి అడుగూ వేరుగా ఉంటుంది, అనుభవం ఉన్నవాడు చూసి ఇది ఫలానా పులిదని చెప్పగలడు అన్నది నమ్మకం. అదే పులి తడి ఇసుకలో ఒకలా, ఎండిన దుమ్ములో ఇంకోలా అడుగు వేస్తుందన్నది చిక్కు. దానికంటే పెద్ద చిక్కు మరొకటుంది. ఈ పద్ధతిలో అన్ని పులులూ ఎలాగూ దొరుకుతాయని అనుకున్నారు. దొరకనివాటి లెక్క ఎక్కడా లేదు. 2005 మొదట్లో రాజస్థాన్‌లోని సరిస్కాలో కాగితాల మీద పులులు ఉండగానే అడవిలో ఒక్కటీ మిగల్లేదని తేలాక, దేశానికి తెలివొచ్చింది.

దీనికి ప్రత్యామ్నాయం అప్పటికే ఉంది. 1995లోనే వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళె పులుల మీద చేసి చూపించారు. కాస్త ఆగి దాన్ని అర్థం చేసుకుంటే, ఆ తర్వాత పేపర్లో పులుల లెక్క వచ్చినప్పుడు మీరు చదివే తీరు మారిపోతుంది.

మీ ఊరి చెరువులో చేపలెన్నో తెలుసుకోవాలి. నీళ్లు తోడేయకూడదు. ఏం చేస్తారు? వల వేసి వంద చేపలు పట్టి, రెక్కకు చిన్న గుర్తు పెట్టి వదిలేయండి. వారం తర్వాత మళ్లీ వంద పట్టండి. అందులో ఇరవైకి మీ గుర్తుంది. అంటే గుర్తున్నవాటిలో ఐదో వంతు మీ వలకు చిక్కింది. మిగతా చేపలూ అదే పాళ్లలో చిక్కుతాయనుకుంటే, వలలో పడ్డ వంద మొత్తం చేపల్లో ఐదో వంతు. చెరువులో సుమారు ఐదొందలు. డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దం చివర్లో చేపల మీద వాడిన కిటుకు ఇది. ఈ లెక్కలో గొప్పతనమేమిటంటే, పట్టుకోని చేపల గురించి పట్టుకున్న చేపలే సాక్ష్యం చెబుతాయి. ఒకసారి వలలో పడ్డ చేప రెండోసారి వలను చూసి తప్పించుకుంటే మాత్రం లెక్క తప్పుతుంది. అందుకే అసలు పనిలో ఇలాంటి అనుమానాలన్నింటికీ సవరణలు చేస్తారు. కోడ్ రాయాల్సింది అక్కడే.

పులికి గుర్తు పెట్టే పని లేదు. చారలున్నాయి. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి ఎడమ పక్క చారలు, కుడి పక్క చారలు కూడా వేరు. అందుకే అడవి బాటకు రెండు వైపులా, మోకాలి ఎత్తున, రెండు కెమెరాలు ఎదురెదురుగా కడతారు. ఒకటే కడితే, ఎడమ పక్క ఫోటో ఒక పులిగా, కుడి పక్క ఫోటో ఇంకో పులిగా లెక్కలోకి ఎక్కే ప్రమాదం ఉంది. ఎదురుగా ఉన్న గడ్డి కోయడం మరిచిపోతే, గాలికి ఊగిన గడ్డిపోచ వేలకు వేల ఫోటోలు తీయిస్తుంది. ఆ ఫోటోలన్నీ ఎవరో ఒక కుర్ర పరిశోధకుడు రాత్రిళ్లు కూర్చుని తీసేయాల్సిందే.

2018 జాతీయ అంచనాలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. వచ్చిన ఫోటోలు 3 కోట్ల 48 లక్షలకు పైగా. వాటిలో పులివి 76,651. ఇంచుమించు 455 ఫోటోలకు ఒకటి. మిగతావన్నీ దుప్పులు, పశువులు, మనుషులు, చిరుతలు. ఫోటోలను వేరు చేసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి గానీ, ఈ నిష్పత్తిని మనసులో పెట్టుకుంటే ఈ వృత్తిలో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో అర్థమవుతుంది. ఆ ఫోటోల్లో విడివిడిగా గుర్తుపట్టిన పులులు 2,461. ప్రకటించిన అంచనా 2,967. ఆ రెండింటి మధ్య ఉన్న ఐదొందల పులులు ఎవరి కెమెరాలోనూ పడలేదు. ఉన్నాయని లెక్క చెప్పింది.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. పాదముద్రల పద్ధతిలో 2002 నాటి సంఖ్య 3,642. కొత్త పద్ధతిలో 2022 సంఖ్య 3,682. ఇరవై ఏళ్లలో నలభై పులులు పెరిగాయా? కాదు. మధ్యలో 2006లో కొలబద్ద మారినప్పుడు వచ్చిన సంఖ్య 1,411. 2002 నుంచి 2006 మధ్య రెండు వేల పులులు చచ్చిపోయాయని అప్పట్లో గగ్గోలు పెట్టినవాళ్లున్నారు. కొంత నిజమైన నష్టం ఉంది, కానీ చాలావరకు పాత అంకే గాలి నింపి ఉబ్బించినది. చూడటానికి కవలల్లా ఉన్న ఆ రెండు అంకెల్లో మొదటిదాన్ని నమ్మడానికి ఆధారం తక్కువ, రెండోదాన్ని నమ్మడానికి ఎక్కువ. ఈ తేడాను పేపరు చదివే మనిషికి విప్పి చెప్పడం పరిశోధకుడి పని కాదా? కాదనేవాళ్లు ఇంకా ఉన్నారు. నేను అవుననే వర్గం.

అన్నట్టు ఉల్లాస్ కారంత్ మొదట చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. ఎంపీసీ తీసుకున్న పిల్లలకు ఈ మాట చెప్పండి.

చదువు, జీతం, అనుమతి

దారి గురించి త్వరగా చెప్పేస్తాను. డిగ్రీ ఏదైనా కావచ్చు. జువాలజీ, బోటనీ, ఫారెస్ట్రీ, వెటర్నరీ, కొన్నిచోట్ల ఇంజినీరింగ్ కూడా. ఆ తర్వాత వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ. 1982లో మొదలైన డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ (జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) ఇందులో పేరున్నవి. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ప్రవేశ పరీక్షలకు దేశమంతటి నుంచీ వస్తారు. మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, కోయంబత్తూరు దగ్గరి సాకాన్ (సలీం అలీ పేరిట ఉన్న పక్షుల పరిశోధన కేంద్రం) వంటి పరిశోధన సంస్థలున్నాయి. హైదరాబాద్‌ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ ఉంది, అంతరించే ప్రమాదమున్న జాతుల కోసం పెట్టిన ప్రయోగశాల. అడవికి వెళ్లడం కంటే పెంటికల్లోని డీఎన్ఏ చదవడం ఇష్టమైనవాళ్లకు అది సరైన చోటు. నెహ్రూ జూ పార్కుతో కలిసి మూషిక జింకల్ని పెంచి, అమ్రాబాద్ అడవుల్లో వదిలిన పనిలో వాళ్ల చెయ్యి ఉంది.

డబ్బు సంగతి దాచను. జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. ఇంటద్దె భత్యం అదనం. అది రానివాళ్లు ప్రాజెక్టుల మీద బతుకుతారు. ప్రాజెక్టు అయిపోతే జీతం అయిపోతుంది. పీహెచ్‌డీకి ఐదారేళ్లు మామూలు. తోటివాళ్లు ఫ్లాటు కొనుక్కునే వయసులో వీళ్లు రెండో ప్రాజెక్టు కోసం ప్రతిపాదన రాస్తూ ఉంటారు. శాశ్వత ఉద్యోగాలు ఉన్నాయి, కానీ తక్కువ. ఇంట్లో ఒకరి సంపాదన ఆసరాగా లేని పిల్లలకు ఇది నిజంగా కష్టమైన దారి. ఈ రంగం కొంతవరకు ఆ ఆసరా ఉన్నవాళ్లతోనే నిండటానికి కారణమూ ఇదే.

ఇక అనుమతులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అభయారణ్యంలో అడుగు పెట్టి అధ్యయనం చేయాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. జంతువును పట్టి రేడియో కాలర్ వేయాలన్నా, రక్తం తీయాలన్నా ఇంకా పై స్థాయి మెట్లున్నాయి. చట్టంలో న్యాయం ఉంది. వేటగాడికీ పరిశోధకుడికీ గేటు దగ్గర తేడా ఎలా తెలుస్తుంది? కానీ ఒక కాగితం కోసం ఎదురుచూస్తూ ఒక ఎండాకాలం జారిపోతే, ఆ ఎండాకాలపు అంకెలు మళ్లీ రావు. మూడేళ్ల ప్రాజెక్టులో ఉండేవి మూడే ఎండాకాలాలు.

పాఠం ఎవరు ఎవరికి చెబుతారు

నల్లమలలో ఒకసారి ఒక చెంచు పెద్దాయన వెనక నడుస్తున్నాను. అటవీశాఖ బేస్ క్యాంపులో వాచర్‌గా పనిచేస్తున్నాడు. బాట మీద పులి అడుగు కనబడగానే నేను ఫోన్ తీశాను. ఆయన కూర్చున్నాడు.

"ఎప్పుడు పోయుంటుంది?" అన్నాను.

"మంచు పడ్డాక సారూ. చుట్టూ చూడు, దుమ్ము మీద చుక్కలున్నాయి. అడుగులో లేవు."

వంగి చూస్తే నిజమే. చెట్ల ఆకుల నుంచి రాలిన మంచు చుక్కలు దుమ్ము మీద ఆవగింజలంత గుంతలు చేశాయి. పులి అడుగు లోపల మాత్రం నున్నగా ఉంది. పులి మంచు రాలాక నడిచింది, అంటే తెల్లవారుజాము దాటాక. నేను తీసిన ఫోటోలో ఆ గుంతలు సరిగ్గా పడను కూడా లేదు.

ఈ వృత్తిలో బోధన అంటే విశ్వవిద్యాలయంలో పాఠం ఒక్కటే కాదు. ఒక పరిశోధకుడు ఏడాదిలో నిజంగా నేర్పేది ఎవరికో చూడండి. కెమెరా ఎలా కట్టాలో, యాప్‌లో ఎలా నమోదు చేయాలో బీట్ ఆఫీసర్లకు, వాచర్లకు. లెక్క ఎందుకు అలా చేయాలో జూనియర్లకు. నేర్చుకునేది కూడా వాళ్ల దగ్గరే. జాతీయ పులుల అంచనాకు కాలినడకన తిరిగి గుర్తులు నమోదు చేసేది ప్రధానంగా అటవీశాఖ కింది స్థాయి సిబ్బంది. వాళ్లకు "ఈ గుర్తు కనబడకపోయినా సున్నా వేయండి, ఖాళీ వదలొద్దు" అన్న ఒక్క మాట తలకెక్కించగలిగిన పరిశోధకుడు, అద్భుతమైన కోడ్ రాసి ఆ మాట చెప్పలేనివాడి కంటే ఎక్కువ సాధిస్తాడు. ఖాళీ గడి అంటే వెళ్లలేదని, సున్నా అంటే వెళ్లాం గానీ కనబడలేదని. ఈ తేడా చెడితే పైన బెంగళూరులోనో డెహ్రాడూన్‌లోనో ఏ కంప్యూటరూ దాన్ని సరిచేయలేదు.

కానీ ఉద్యోగం ఇచ్చేటప్పుడు, ప్రమోషన్ ఇచ్చేటప్పుడు లెక్కలోకి వచ్చేది అచ్చయిన వ్యాసాల సంఖ్య. వాచర్లకు తెలుగులో నేర్పిన నాలుగు రోజులు ఏ కాలమ్‌లో రాయాలో దరఖాస్తులో ఉండదు. ఆ పెద్దాయన పేరు కూడా వ్యాసం చివర కృతజ్ఞతల్లో, అదృష్టం బాగుంటే, చిన్న అక్షరాల్లో వస్తుంది.

పాలపిట్టకు ఏమైంది

పరిశోధన, బోధన అయ్యాక మూడో పని జనానికి చెప్పడం. మన రెండు రాష్ట్రాలకూ దగ్గరి ఉదాహరణ పాలపిట్ట. తెలంగాణకు రాష్ట్ర పక్షి. ఆంధ్రప్రదేశ్‌కు కూడా అదే ఉండేది, 2018లో రామచిలుకకు మార్చారు. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని నమ్మకం. దేశంలో పక్షుల పరిస్థితి మీద 2023లో వచ్చిన నివేదిక, సంఖ్య బాగా తగ్గుతున్న మామూలు పిట్టల్లో పాలపిట్టను ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ నివేదిక వెనక ఉన్నది కొద్దిమంది శాస్త్రవేత్తలు కాదు. సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు ఇ-బర్డ్ అనే వేదికలో నమోదు చేసిన దాదాపు మూడు కోట్ల పరిశీలనలు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, రిటైరైనవాళ్లు పొద్దున్నే వెళ్లి రాసుకున్నవి.

ఈ కబురును ఊళ్లో ఎలా చెప్పాలి? దసరాకు పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులకు దర్శనం చేయించేవాళ్లున్నారు. చట్టప్రకారం నేరం. "ఇదంతా మూఢనమ్మకం" అని మొదలుపెట్టిన ఉపన్యాసం అక్కడే ముగుస్తుంది, జనం లేచి వెళ్లిపోతారు. ఆచారం ఏం చెబుతోంది? పండగ పూట ఊరి పొలిమేర దాటి, జమ్మిచెట్టు దాకా వెళ్లి, దారిలో పాలపిట్టను చూడమంటోంది. పంజరం దగ్గరికి వెళ్లమనలేదు. చూడాలంటే పొలిమేరలో పిట్ట ఉండాలి. ఉండాలంటే గట్ల మీద తొర్రలున్న పాత చెట్లు ఉండాలి, దానికి గూడు అక్కడే. పొలంలో మిడతలు, పురుగులు ఉండాలి, దానికి తిండి అవే. అలా చెబితే వినేవాడు తన చేను గట్టు గుర్తు చేసుకుంటాడు. మందు కొట్టిన రోజులు గుర్తు చేసుకుంటాడు. ఇదంతా చెప్పడానికి పిట్టను ఇండియన్ రోలర్ అని కాక పాలపిట్ట అని పిలవగలగాలి. మిగతా పిట్టలకూ, పురుగులకూ మన పేర్లు తెలిసి ఉండాలి.

కలివికోడి కోసం మట్టి పరిచిన జగనాథన్ ఆ తర్వాత నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌లో చేరి, జనం చేత పక్షుల్ని, చెట్లను గమనింపజేసే కార్యక్రమాల్లో పనిచేశారు. తమిళంలో ప్రకృతి గురించి విరివిగా రాస్తారు. కడప పిట్ట గురించి ఇంత బాగా తెలిసిన మనిషి రాసింది తమిళ పాఠకులకు దక్కింది. అసూయే, ఒప్పుకుంటాను.

జనానికి చెప్పడంలో చెప్పకపోవడం కూడా ఒక భాగం. అరుదైన పిట్ట ఫలానా చోట ఉందని ఫోటోతో సహా పెడితే, వారం తిరిగేసరికి యాభై కెమెరాలు వాలతాయి. కొందరు ఫోన్లో దాని కూత వినిపించి బయటికి రప్పిస్తారు, గూడు వదిలి వచ్చిన పిట్ట వెనక గుడ్లను కాకులు తింటాయి. అందుకే ఇ-బర్డ్ కూడా కొన్ని జాతుల కచ్చితమైన చోటును బయటికి చూపించదు. ఎవరికి ఎంత చెప్పాలో తెలియడం చిన్న విద్యేమీ కాదు.

అబ్బాయి సంగతి అడిగిన తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇది. కోర్సుల సంగతి తర్వాత చూద్దాం. మీ ఇంటికి దగ్గర్లో చెరువేదైనా ఉందా? వారానికోసారి, ఒకే రోజు, ఒకే వేళకు, పావుగంట అక్కడ నిలబడి కనబడ్డ ప్రతి పిట్టనూ, ఎన్ని ఉన్నాయో కూడా, రాసుకోమనండి. నచ్చినవే కాదు, కాకులు కూడా. ఏమీ లేని వారం ఏమీ లేవని రాయాలి. ఏడాది తిరిగేసరికి యాభై రెండు కాగితాలు. వలస బాతులు ఏ వారం వచ్చాయో, ఏ వారం నుంచి కనబడలేదో, చెరువులో కొత్త లేఅవుటు మట్టి పడ్డ వారం ఏమైందో అందులో ఉంటుంది. ముప్పయ్యో వారానికి విసుగొచ్చి మానేస్తే నష్టమేమీ లేదు, మంచి ఫోటోగ్రాఫర్ అవుతాడేమో. వాన పడుతున్నా గొడుగేసుకుని వెళ్లాడనుకోండి, అప్పుడు వచ్చి కూర్చోమనండి, ఏ ఎమ్మెస్సీ అన్నది మాట్లాడుకుందాం.